అమ్మను ఎవరూ అడగలేదు

మా వైపు చావు ఇంటికి పలకరింపుకు వచ్చినవాళ్లు చాప మీద కూర్చోగానే ఒకటే అడుగుతారు. "ఏమాయమ్మా, ఎట్లాయ?" అడగడం వాళ్ల వంతు. మొదటినుంచి చెప్పడం ఇంటివాళ్ల వంతు. ఇంకొకరు వస్తే మళ్లీ మొదటినుంచే. తాత పోయినప్పుడు అవ్వ చెప్పిందే చెప్తుంటే నాకు విసుగొచ్చేది. అందరికీ చెప్పడం అయ్యాక ఆమె తనంతట తానే అన్నం అడిగింది.

నాయన పోయినప్పుడు ఎవరికీ అడిగే పని లేకపోయింది. తమ్ముడు అంతా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. కల్లంలో చెనిక్కాయ కుప్ప పక్కన కూలబడటం, మేం ఆస్పత్రికి తీసుకుపోవడం, డాక్టరు అన్న మాట, చివరికి దండ వేసిన ఫోటో. వాడిని తప్పుబట్టను. తనకల్లు నుంచి గోరంట్ల దాకా ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసే ఓపిక ఎవరికుంది?

జనం రాలేదని కాదు, వచ్చారు. ముందు పెద్దమ్మ వచ్చి కూర్చుంది. అమ్మ కొంగు సర్దుకుని, "ఆ పొద్దు తెల్లారుజామునే..." అని మొదలుపెట్టింది.

"చూసినాంలేమ్మా. అంతా గ్రూపులో వచ్చె కదా" అంది పెద్దమ్మ, ప్రేమగానే. ఆ తర్వాత ఫోను తీసింది. పక్కనున్న మామ అప్పటికే తీశాడు. ఎవరి ఫోనులోనో పాట మోగి టక్కున ఆగింది.

వచ్చినవాళ్లంతా అదే మాట అన్నారు. కొన్నాళ్లకు అమ్మ మొదలుపెట్టడం మానేసింది. ఏడవలేదు. సంకటి పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. నాకూ ఏమీ అనిపించలేదు. సంతాపం పంపిన ప్రతివాళ్లకూ చేతులు జోడించిన బొమ్మ తిరిగి పంపుతూ కూర్చున్నాను. వేలు నొప్పి పుట్టింది, అంతే.

దినాలు అయిపోయాక ఒక మధ్యాహ్నం నాయన ఫోను మోగింది. అమ్మ ఎత్తింది.

"నమస్కారం. ఈసారి మీ పంట ఎలా ఉంది? బాగుంటే ఒకటి నొక్కండి" అంది ఒక ఆడగొంతు. రికార్డు చేసిన గొంతు.

"మా ఇంటాయన లేడమ్మా" అంది అమ్మ. "ఆ పొద్దు తెల్లారుజామునే కల్లం కాడికి పోయినాడు. సద్ది గూడా తినలే. నేను కేకేస్తానే ఉండా..."

గొంతు మళ్లీ అదే అడిగింది. అమ్మ మళ్లీ మొదటినుంచి చెప్పింది, ఈసారి ఇంకొంచెం నిదానంగా. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం అప్పుడే చూశాను. అది మనిషి కాదని చెప్పబోయి నోరు మూసుకున్నాను.

"పిలిచినా పలకలే. పోయి చూస్తే..." అంటుండగా ఫోను కట్టయింది.

అమ్మ ఫోను చెవి నుంచి తీసి చూసింది. "పెట్టేసె. ఇంగా చెప్పేది ఆస్పత్రి కాడికి రానేలే" అంది.

"నాకు చెప్పుమా" అన్నాను.

ఆమె నన్ను చూసి, కళ్లు తుడుచుకుంది.

"నీకేం చెప్పేది? నువ్వు ఆడనే ఉంటివి కదా."