సొలొమోనుకు బాగా తెలిసిన ఒకే ఒక్క మాట

బెజవాడ రైల్వే ఆఫీసులో సొలొమోను మామూలు గుమాస్తా. అక్కడ ఆయన్ని ఎవరూ గారూ అనరు. గన్నవరం దగ్గర సొంత ఊళ్లో మాత్రం ఏటా చర్చి కూడికలప్పుడు మిషను దొర ఇంగ్లీషులో ప్రసంగిస్తుంటే, పక్కనే పీటెక్కి తెలుగులో చెప్పేది ఆయనే. తెలియని మాటొస్తే తడుముకోడు, నోటికొచ్చింది పెట్టేస్తాడు. కిందటేడు దొర మేకల గురించి చెబుతుంటే ఈయన ఒంటెల్ని తోలాడు.

అది పట్టేసింది బడిపంతులు జాన్‌బాబు. సంఘపెద్ద ఇశ్రాయేలు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"ఇంకొక్క తప్పు దొర్లిందంటే సొలొమోనూ, వచ్చే యేడు ఆ పీట మాస్టారిదే."

పాపం, సొలొమోనుకు ఏడాది మొత్తానికి ఉన్న వైభవం ఆ పీటే.

ఆ యేడు ఎగువన వానలు జాస్తి. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారని ఊరంతా ఒకటే చర్చ. బడి ఉన్న మెరక మీద వేసిన పందిట్లో దొర చేతులు చాచి, "ఈ సాయంత్రం మీ ఊరు ఇనండేటెడ్ అవుతుంది" అని ఇంగ్లీషులో చెప్పి, తెలుగు కోసం ఆగాడు.

సొలొమోను ముఖం వెలిగిపోయింది. ఇంగ్లీషులో ఆయనకు క్షుణ్ణంగా తెలిసిన మాట ఏదైనా ఉంటే అది ఇదే. వానాకాలం వస్తే చాలు, పట్టాలు ఇనండేటెడ్, బళ్లు రద్దు అని ఆఫీసుకు టెలిగ్రాములు వస్తూనే ఉంటాయి.

"సోదరులారా, ఈ సాయంత్రం మీ ఊరు వరదలో మునిగిపోతుంది."

దొర వాక్యం పూర్తి చేశాడు. సొలొమోనూ పూర్తి చేశాడు.

"దేవుని కృపతో."

అప్పటికి పందిట్లో మిగిలింది జాన్‌బాబు ఒక్కడే.

"కృప వెల్లువెత్తుతుందన్నారండి ఆయన. ఆ మాట ఒక్క నీళ్లకే కాదండి" అన్నాడు తీరిగ్గా.

జనం ఏరీ అని దొర అడిగాడు. ఇంటిల్లిపాదినీ పిలుచుకురావడానికి వెళ్లారని సొలొమోను బొంకాడు.

ఆ బొంకే నిజమైంది. ఊళ్లో మెరక అంటే ఆ బడి ఒక్కటే మరి. ట్రంకుపెట్టెలు, బియ్యం మూటలు, చంకల్లో కోళ్లతో రెండు పేటల జనమూ అక్కడికే వచ్చిపడ్డారు. ఏనాడూ ప్రసంగం వినని బసవయ్య గేదెతో సహా వచ్చాడు. పందిరి చాల్లేదు. దొర కళ్లు చెమర్చాయి.

"బ్రదర్, వియ్ ఆర్ ఇనండేటెడ్" అన్నాడు.

అందరూ సొలొమోను వైపు చూశారు. ఆయన జాన్‌బాబు వైపు చూడకుండా చెప్పాడు.

"మునిగిపోయామంటున్నారు. జనంలో."

నెత్తిమీద మూటతో రొప్పుతూ నిలబడ్డ ఇశ్రాయేలు పొడి నేలను చూశాడు, పంతుల్ని చూశాడు, కిక్కిరిసిన పందిరిని చూశాడు. మెల్లగా మూట దించాడు.

"వచ్చే యేడు కూడా నువ్వే చెప్పాలయ్యా. మాస్టారు సరిగ్గా చెబితే ఇంతమంది వచ్చేవాళ్లా?"