క్లోజ్ చేస్తే పోతుందన్నాను

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి చెప్పలేదు, అక్కకి చెప్పలేదు. ఇన్నేళ్ళూ మోసీ మోసీ అలసిపోయాను, అంతే. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలియాల్సిన పనీ లేదు. అందుకే మీకు చెప్పడం కాస్త తేలిక.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో గాజువాకలో నాకో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ చెక్కలు, ఒక్కోదానికీ ఓ కర్టెన్. స్టీల్‌ప్లాంటు వాళ్ళ పిల్లలు రిజల్ట్స్ చూసుకోడానికి, పోర్టు కుర్రాళ్ళు గల్ఫ్ ఉద్యోగాలు వెతుక్కోడానికి వచ్చేవారు. కర్టెన్ లాక్కుంటే ఎవరూ చూడరని వాళ్ళ ధీమా. కానీ మనిషి లేచి వెళ్ళిపోయాక కూడా ఏం వెతికాడో అంతా హిస్టరీలో ఉంటుంది. దాన్ని చెరిపేయడం నా పని. చెరిపేముందు చదవడం నా అలవాటు. ఎందుకు చదివేవాణ్ణి? మధ్యాహ్నాలు పొద్దుపోక, అనుకునేవాణ్ణి. పొద్దుపోకా లేదు, పాడూ లేదు. ఊళ్ళోవాళ్ళ లోపలి సంగతులన్నీ నాకు తెలుసన్న కులుకు.

సూరిబాబు పోర్టులో ఓ కాంట్రాక్టరు దగ్గర క్రేన్ ఆపరేటరు. పదో తరగతి చదివాడు. ఒంటి వేలితో టైపు చేసుకునేవాడు. కర్టెన్ సందులోంచి కూడా ఎవరూ చూడకుండా తువ్వాలు వేలాడదీసేవాడు. ఒకరోజు లేచి వెళ్తూ నా బల్ల దగ్గర ఆగాడు.

"బాబూ, నాను ఏటి ఎతికానో ఇందులో ఉండిపోద్దేటి?"

"ఏటీ ఉండదు సూరిబాబూ. క్లోజ్ చేస్తే పోద్ది."

అతను మెట్లు దిగాడో లేదో, నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. ఫిట్స్ మాత్ర పేరు. నిద్రలో వచ్చే ఫిట్స్ తగ్గుతాయా. ఫిట్స్ ఉన్నవాడు క్రేన్ నడపచ్చా. అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ, తప్పుల ఇంగ్లీషులో.

మా అక్క మొగుడు అదే కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. బావకి నేనంటే లోకువ. "ఎండ తగలకుండా ఫ్యాన్ కింద కూకుని ఎలకని తిప్పుతావు, నీదీ ఓ పనేట్రా" అని నలుగురిలో ఆటపట్టించేవాడు. ఆ ఆదివారం అన్నాల దగ్గర మళ్ళీ మొదలెట్టాడు. నాకు ఉక్రోషం వచ్చింది. నీ క్రేన్ మీద ఎలాంటివాడు కూర్చుంటున్నాడో నీకు తెలుసా బావా, అన్నాను. బావ చేతిలో ముద్ద ఆగిపోయింది. మొదటిసారి నా మాట కోసం నా మొహంలోకి చూశాడు. అబ్బ, ఎంత బాగుందో! సిగ్గుగా ఉంది ఈ మాట రాయడానికి. అంతా చెప్పేశాను. నా పేరు మాత్రం బయటపెట్టనని బావ చేత ఒట్టు వేయించుకున్నాను.

వారం తిరక్కుండా సూరిబాబుని క్రేన్ దింపేశారు. డాక్టరు కాగితం తెమ్మన్నారు, తేలేకపోయాడు. రాలిన బొగ్గు ఊడ్చే పనిలో పెట్టారు.

పెద్ద ప్రమాదం తప్పించానని చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది పూర్తిగా అబద్ధమూ కాదు. అంత ఎత్తున ఫిట్స్ వస్తే అతనూ, కింద పనిచేసేవాళ్ళూ ఏమయ్యేవారు? కానీ నిజంగా నా భయం అదే అయితే ముందు సూరిబాబునే కూర్చోబెట్టి మాట్లాడేవాణ్ణి కదా? అన్నాల దగ్గర, బావ నోరు మూయించడానికి ఎందుకు వాడుకున్నాను?

అక్కడితో ఆగినా బాగుండేది. సూరిబాబు తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. ఇంకెవరితో చెప్పుకోవాలో తెలీక.

"నా ఇంటిదానికి తప్ప ఈ సంగతి నరమానవుడికి తెల్దు బాబూ. అదే ఎవలికో సెప్పీసింది. నా కడుపు మీద కొట్టీసింది."

అప్పుడు చెప్పాల్సింది. నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయిందంటే మీరు నమ్ముతారేమో. రాలేదు. టీ తెప్పించాను. "ఆడోళ్ళకి నోరాగదులే సూరిబాబూ" అన్నాను. అవును, నేనే అన్నాను.

అతను పెళ్ళాం పైడితల్లిని భీమిలి దగ్గర పుట్టింటికి తరిమేశాడు. జాలరి ఇంటి పిల్ల ఆమె. మళ్ళీ తెచ్చుకోలేదు. కొన్నేళ్ళకి కామెర్లతో పోయాడు.

తర్వాత ఇంటింటికీ కంప్యూటర్లు వచ్చి నా షాపూ మూతబడింది. ఒకరోజు మా అమ్మాయి మా ఇంటి కంప్యూటర్లో వేరే సెర్చ్ ఇంజన్ పెట్టింది. "నాన్నా, ఇకమీదట ఇందులోనే వెతుక్కో. నువ్వేం అడిగావో ఇది దాచుకోదు. మూసేస్తే హిస్టరీ కూడా చెరిగిపోయేలా పెట్టాను" అంది. అలాంటివి కూడా వచ్చాయా అన్నాను. ఆమె లేచి వెళ్ళాక సూరిబాబు అడిగిన ప్రశ్నని, అవే తప్పులతో, టైపు చేశాను. మూసి, మళ్ళీ తెరిచి, నాకు తెలిసిన చోట్లన్నీ గాలించాను. ఎక్కడా లేదు. ఇప్పటికీ అదే వాడుతున్నాను. అందరివీ చదివినవాణ్ణి, నావి మాత్రం ఎవరూ చదవకూడదట!

ఆ ఏడే సింహాచలంలో, దర్శనం క్యూలో పైడితల్లి కనబడింది. నేను తల తిప్పుకునేలోగా ఆమే గుర్తుపట్టింది.

"బాబూ, ఆయన నీ కొట్టుకొచ్చీవోడు కదా. నాను సెప్పలేదని ఆకర్నైనా నమ్మేడా? నీతో ఏటైనా అన్నాడా?"

తెలీదమ్మా, అన్నాను. క్యూ కదిలింది. దర్శనం అయ్యేదాకా ఆమె వెనకే నడిచాను. లోపల ఏం మొక్కుకున్నానో గుర్తులేదు.

ఇది రాసినందువల్ల ఏమీ మారదు. ఆమె దీన్ని చదవదు. ఆమె ఇంటికి వెళ్ళే ధైర్యం నాకు రేపూ రాదు, నా సంగతి నాకు తెలుసు. మీరు క్షమించక్కర్లేదు, అది మీ చేతుల్లోనూ లేదు. కానీ ఇక్కడిదాకా రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది. ఒక్క మాట మాత్రం ఎక్కడో ఓచోట చెరిగిపోకుండా ఉండాలి.

పైడితల్లి ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నేను.