పాదాల కబురు

సికింద్రాబాద్‌లో మా మేడమీద గది అద్దెకు తీసుకుని చెప్పులు తయారుచేసే అన్న, నడుస్తూ మధ్యమధ్య ఆగి తన పాదాలు చూసుకునేవాడు. చెప్పు జారిపోయినా ఆయనకు తెలిసేది కాదు. అతికించే గమ్ము ఆవిరికి నరాలు దెబ్బతిని, పాదాల కబురు తలకు చేరడం లేదని డాక్టరు చెప్పాడట.

అయినా కిటికీ మూసి, ఫ్యాన్ ఆపేసి పనిచేసేవాడు. ఓరోజు నాకు ఒళ్లు మండింది.

"జెర కిటికీ తెరువన్నా! పాణం పోగొట్టుకుంటవా?"

"గాలొస్తే అతికించేలోపే గమ్ము ఎండిపోతది తమ్మీ. గీ పని తప్ప నాకింకోటి రాదు."

ఆ సాయంత్రం ఆయన చేతుల నిండా డబ్బాలతో మెట్లు దిగుతుంటే ఒక చెప్పు పైమెట్టు మీదే ఉండిపోయింది. నేను తెచ్చి కాలి ముందు పెట్టాను. డబ్బాలు అడ్డమై కిందికి చూడలేక, కాలు దూర్చి నన్నడిగాడు:

"ఎక్కిందా తమ్మీ?"