రివర్స్‌లో వచ్చే పాట

పాసయ్యాను! బీటెక్ మెకానికల్, ఒక్క సబ్జెక్టూ మిగలకుండా, ఫస్ట్ క్లాసులో! మా ఇంట్లో డిగ్రీ అంటే ఇన్నాళ్లూ పక్కింటి పిల్లల గురించి చెప్పుకునే మాట. ఇవాళ్టి నుంచి మాది కూడా. బందరు బస్టాండులో చల్లపల్లి బస్సు కోసం నిలబడి ఫోన్లో రిజల్టు నాలుగోసారి చూసుకుంటుంటే, ఏదో బస్సు వదిలిన డీజిల్ పొగ మొహానికి కొట్టింది. అందరూ ముక్కు మూసుకున్నారు. నేను గట్టిగా పీల్చాను. అది మా రత్నం మావయ్య చొక్కా వాసన.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. చల్లపల్లిలో మా పక్క వాటాలోనే ఉండేవాడు. మెయిన్ రోడ్డు మీద రేకుల షెడ్డులో కార్లు బాగుచేసేవాడు. బాగుచెయ్యడం కంటే వాటి రూపు మార్చడమంటే ఆయనకి ఇష్టం. అప్పట్లో కుర్రాళ్ల సరదా అంతా కారుని పైకి లేపడంలో ఉండేది. వానాకాలం కరకట్ట బురదలో దిగబడకుండా అడుగున కమాన్ పట్టీలు రెండు ఎక్కువ వేయించి, ముందు పసుపు లైట్లు, అద్దాలకి కుచ్చుల కర్టెన్లు, వెనక రేడియం అక్షరాల్లో ఓ బైబిలు వాక్యం పెట్టిస్తే అదే పెద్ద గొప్ప. మావయ్య తన తెల్ల అంబాసిడర్‌కి ఇవన్నీ చేసి, డీజిల్ ఇంజన్ వేసి, చివరికి గుడివాడలో పాత సామాన్ల కొట్లో దొరికిన రివర్స్ హారన్ బిగించాడు. కారు వెనక్కి నడిస్తే పాట మోగేది. అది క్రిస్మస్ పాటని అత్తయ్య, సినిమా పాటని నాన్న వాదించుకునేవారు.

మా సందులో కారు తిరగదు. అందుకే సందు మొదట్నుంచి రివర్స్‌లోనే వచ్చేవాడు. పాట వినపడగానే కరుణ అత్తయ్య పొయ్యి తగ్గించి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వెళ్లి గేటు తీసేది. ఆదివారం చర్చి అయ్యాక ఏడుగురం ఇరుక్కుని మంగినపూడి వెళ్లేవాళ్లం, వేపుడు చేపల డబ్బా నా ఒళ్లో కాలుతుండేది, కిటికీలోంచి ఎండుచేపల వాసన, ఉప్పుగాలి, ముందు సీట్లోంచి మావయ్య మాట: "నువ్వు డిగ్రీ పాసైన రోజు మెయిన్ రోడ్డు నుంచీ రివర్స్‌లోనే తీసుకొస్తానే అమ్ములూ. చల్లపల్లంతా వినాలి!"

తర్వాత సరదాలు మారాయి. కొత్త కార్లొచ్చాయి, వాటిని కిందికి దించమని కుర్రాళ్లు షెడ్డుకి రావడం మొదలెట్టారు.

"దించితే గతుకు దగ్గర పొట్ట గీసుకుంటుందిరా."

"స్టైలు మావయ్యా! నీ కారెక్కాలంటే నిచ్చెన కావాలి."

మావయ్యే అందరికంటే గట్టిగా నవ్వాడు. దించి ఇచ్చాడు. మూడోరోజు ఆ కారే, స్పీడ్ బ్రేకర్ మీద ఆయిల్ ఛాంబర్ పగలగొట్టుకుని, తాడుతో లాగించుకుని వచ్చింది.

నాకూ ఆ స్టైలే నచ్చేది. ఇంటర్‌కి బందరు కాలేజీలో చేరిన మొదటి వారం మావయ్య నన్ను దింపి, గేటు ముందు రివర్స్ చేశాడు. పాట మోగింది. ఆడపిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు.

"మావయ్యా, ఇక్కడ ఆ పాట పెట్టకు. సిగ్గేస్తుంది."

"అంతేనా! ముందే చెప్పొద్దటే పిచ్చిపిల్లా."

ఆ ఆదివారం కారు పాట లేకుండా సందులోకి వచ్చింది. అత్తయ్యకి తెలియలేదు, మావయ్యే దిగి గేటు తీసుకున్నాడు. హారన్‌ని నాగాయలంక రొయ్యలు తోలే వ్యాను డ్రైవరు శ్రీనుకి ఇచ్చేశాడట. మళ్లీ తెచ్చి బిగించుకోమని మర్నాడు చెబుదాంలే అనుకుంటూ వచ్చాను. పై వానాకాలం, షెడ్డులో కారు కింద పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

అంబాసిడర్ పాత ఇనుము కింద అమ్ముడుపోయింది. షెడ్డులో ఇప్పుడు కార్లకి రంగురంగుల స్టిక్కర్లు అతికిస్తారు. ఇంజన్ స్పీడు ల్యాప్‌టాప్‌తో పెంచుతారు, చేతికి మసి కూడా అంటదు. నా క్లాసువాళ్లే కొందరు చేస్తారు, సైలెన్సర్లు టపాకాయల్లా పేలుస్తారు. పాట మాత్రం చావలేదు. శ్రీను రొయ్యలకి ఐసు కోసం మా సందు మొదట్లో కొట్టు దగ్గర వ్యాను వెనక్కి తిప్పినప్పుడల్లా మోగుతుంది. అత్తయ్య లేచి వెళ్లి గేటు తీస్తుంది. ఒకసారి నేను ఉండబట్టలేక, "అత్తయ్యా, అది శ్రీను వ్యాను" అన్నాను.

"తెలుసే. అలవాటు కాళ్లది, నాది కాదు" అంది. గేటు మాత్రం చాలాసేపు వెయ్యలేదు.

బస్సు వచ్చేసింది. ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు: అమ్మ, ముందు ఏడుస్తుంది, తర్వాత వింటుంది. నాన్న, చెరువు గట్టు మీద సిగ్నల్ ఉండదు, రెండుసార్లు చెయ్యాలి. పాస్టరు గారు, ఆదివారం ప్రార్థనలో చెబుతానన్నారు. శ్రీను, నాలుగున్నరకి వ్యానుతో మెయిన్ రోడ్డు మీద ఉండమని, నన్ను ఎక్కించుకుని మా గేటు దాకా రివర్స్‌లోనే రమ్మని.

అత్తయ్యకి చెయ్యను.