నేనే గొంతు తగ్గించమన్నాను

సింహాచలం గారు కథ చదివితే బిలాస్‌పూర్ నెహ్రూ నగర్‌లో మా ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు. ముప్పయ్యెనిమిదేళ్ళు గూడ్సు ఇంజన్లు నడిపిన మనిషి. ఆ మోతలో అసిస్టెంటుతో మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతుకు అరుపు తప్ప ఇంకొకటి తెలియకుండా పోయింది. రిటైరయ్యాక కథలు రాయడం మొదలుపెట్టి, నెలకో ఆదివారం మా ఇంట్లో కూడే తెలుగు రచయితల గుంపులో చేరారు.

గుంపంటే పదిమందిమి. ఇక్కడి మన పిల్లలు తెలుగు వింటారే గానీ చదవలేరు. అందుకని కథ రాస్తే సరిపోదు, చదివి వినిపించాల్సిందే. ఆ విద్య ఒకరికొకరం నేర్పుకునేవాళ్ళం. బొగ్గు కంపెనీలో ఇంజనీరు ఓంకార్ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పాడు. తిరుమలరావు గారు, అందర్నీ చూడొద్దు, ఒక్క ముఖం ఎంచుకుని ఆ ముఖానికే కథ చెప్పమన్నారు. గొంతు సంగతి నేను పట్టుకున్నాను. బ్యాంకు కౌంటర్లో పాతికేళ్ళు కూర్చుని, అరిచేవాళ్ళను నెమ్మదిగా మాట్లాడించినదాన్ని. చాదస్తం నాకు కాస్త ఎక్కువే.

"అరవకండి సింహాచలం గారూ. బాధ ఉన్నచోట గొంతు తగ్గాలి" అని ఆయన వెంటపడ్డాను.

"తగ్గితే ఏటి వినబడతాది కోమలమ్మా?" అనేవారు.

"మైకుంటుంది కదా!"

మూడు నెలలు సాధన చేశాం. ఆయన గొంతు లేచినప్పుడల్లా నేను అరచెయ్యి కిందికి దించేదాన్ని. ఆయన చప్పున తగ్గేవారు. "సర్వీసులో ఒక్క ఎర్ర సిగ్నల్ దాటినేదమ్మా నేను" అని నవ్వేవారు. మొండిఘటాన్ని దారికి తెచ్చానని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

మా గుంపు వార్షికోత్సవం కోసం ఆయన తన భార్య అచ్చియమ్మ మీద కథ రాశారు. పెళ్ళయి పలాస దగ్గర పల్లె నుంచి వచ్చిన కొత్తలో, ఆవిడ బుధవారీ బజారులో కూరగాయలవాడితో వచ్చీరాని హిందీలో బేరమాడింది. ఆ బేరాన్ని ఈయన ఇంటికొచ్చిన ఇంజన్ల షెడ్డు స్నేహితుల ముందు అచ్చం అలాగే చేసి చూపించారు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. టీ గ్లాసులతో ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆ తర్వాత నలభై ఏళ్ళూ ఆవిడ బిలాస్‌పూర్‌లో హిందీ ముక్క మాట్లాడలేదు. ఏం కొనాలన్నా వేలితో చూపించేది. ఆయన కూడా ఒక్కసారైనా ఆ ఊసెత్తలేదు. నోటితో చెప్పలేకే కథ రాశారు. కథలో చివరి మాటలివి: "ఆరోజు నవ్వినాను. తప్పయిపోనాదే అచ్చియమ్మా." ఆ రెండు మాటలూ ఆవిడకు వినిపించడానికే ఆయన మా దగ్గర అన్ని తంటాలు పడ్డారు.

ఆవిడకు చదువు రాదు. చెవులు సరిగా వినపడవు. చెవి మిషను పెట్టుకుంటే కూత పెడుతోందని డబ్బాలో పడేసింది. మిషను లేకుండా ఆవిడకు వినపడే గొంతు ఈ లోకంలో ఒక్కటే ఉండేది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి తెలిసీ ఆ ఒక్క గొంతునూ తగ్గించాను. ఏం బుర్ర నాది!

వార్షికోత్సవం జరిగిన ఆదివారం ఆవిడ కొత్త నేతచీర కట్టుకుని ముందు వరసలో నా పక్కన కూర్చుంది. ఆయన ఎంత మెత్తగా చదివారంటే హాల్లో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. మైకులో వచ్చే మాట ఆవిడకు ఉత్త రొద. నా మోచెయ్యి తట్టి "ఏటంతన్నాడమ్మా మా ముసిలోడు?" అని అడిగింది. "ష్, తర్వాత చెప్తాను" అన్నాను. నా శిష్యుడి చదువులో నేను మునిగి ఉన్నాను మరి.

చివరికి వచ్చేసరికి ఆయన కాగితం మీంచి తలెత్తి ఆవిడ ముఖంలోకి చూశారు. "ఆరోజు నవ్వినాను" అంటుండగానే గొంతు లేచింది, ఆ పాత ఇంజను గొంతు. ఆవిడ కూడా తలెత్తింది. అలవాటు కొద్దీ నా అరచెయ్యి కిందికి దిగింది. ఆయన చూశారు. మిగిలిన మాట మైకుకు మాత్రమే అందేంత మెల్లగా అన్నారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. వాళ్ళను చూసి అచ్చియమ్మ కూడా కొట్టింది.

బయటికొచ్చాక "ఏటి సదివినావు?" అని ఆయన్ని గట్టిగా అడిగింది. "ఇంటికెల్లి సెప్తాన్లే" అన్నారు. రాజ్‌కిశోర్ నగర్‌లో వాళ్ళది రెండు గదుల ఇల్లు. కోడలు వింటుండగా అరిచి తప్పు ఒప్పుకోవడానికి ఆయనకు సిగ్గేసింది. వచ్చే ఆదివారం కొడుకూ కోడలూ మస్తూరీలో పెళ్ళికి వెళ్తారు, అప్పుడు చదువుదామనుకున్నారు. శుక్రవారం పొద్దున్న పోపు వేస్తూ వేస్తూ అచ్చియమ్మ కూలిపోయింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

తర్వాత చెప్తానన్నది ఆయన ఒక్కరే కాదు కదా. నాకూ మధ్యలో నాలుగు రోజులున్నాయి. స్కూటీ మీద పావుగంట దూరం. వెళ్ళలేదు. చదవడం భలే నేర్పారండీ అని మెచ్చుకునేవాళ్ళ ఫోన్లతోనే నాకు సరిపోయింది.

పదకొండో రోజు వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చున్నాను. "ఆరోజు మీరు గట్టిగానే చదవబోయారు. నేనే..." అన్నాను.

"మీ తప్పేటీ నేదమ్మా" అన్నారాయన. నేను నేర్పిన మెత్తటి గొంతుతోనే అన్నారు. "సిగ్నలిచ్చినారు గదా. ఆగిపోనాను."