కారణం గడిలో రాసిన మాట

అరవైల మొదట్లో మాట. నవరాత్రులు అయిన మూడోరోజు, కోట అనే ఊరు దాటాక సముద్రం వైపున్న ఒక ప్రభుత్వ ఆఫీసు నుంచి మా నెల్లూరు కంపెనీకి ఫిర్యాదు వచ్చింది. పోయిన నెల మీ మెకానిక్ బాగుచేసిన టైపు మిషను పాడైపోయిందని. ఆ మెకానిక్‌ని నేనే. అప్పటికి నేనింకా పర్మనెంటు కాలేదు. నామీద రెండు ఫిర్యాదులు ఉన్నాయి. రెండూ నా తప్పులు కావు. ఎవరివో ఇప్పటికీ చెప్పగలను. మూడోది నిజమైతే ఇంటికి పొమ్మని మేనేజరు ముందే చెప్పాడు.

బస్సులో ఉన్నంతసేపూ ఆ మిషనుకు చేసిన పనే తలుచుకున్నాను. స్ప్రింగు బిగించానా? ఉప్పుగాలికి తుప్పు పడుతుందని ఆ వైపు మిషన్లకు నూనె కాస్త ఎక్కువే వేస్తాం. మరీ ఎక్కువైందా?

ఆఫీసులో నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమన్నవాడు లేడు.

"వచ్చినావా మహానుభావా!" అన్నాడు హెడ్ గుమాస్తా. "నువ్వు చెయ్యి పెట్టినాకనే దీనికి పక్షవాతం వచ్చింది. మీట కొడితే అక్షరం పైకి లేచి ఆడనే నిలబడతా ఉంది."

మూత తీశాను. అక్షరాల కడ్డీలు కదిలే సన్నని చీలికలు, మేము గాళ్లు అంటాం, వాటి నిండా ఎర్రటి ముద్ద. సూదితో గీకి గోటిమీద పెట్టుకుని చూశాను. కుంకుమ. దాని కింద పసుపు. ఆయుధపూజకు మిషను పైన బొట్లు పెడితే ఇబ్బంది లేదు. ఇక్కడెవరో భక్తి ఎక్కువై మూత ఎత్తి లోపలే చల్లారు. అది నూనెలో నాని గట్టిపడిపోయింది.

తప్పు నాది కాదు.

"పూజ ఎవరు చేసినారు సార్?"

గుమాస్తా అధికారి గది వైపు చూసి గొంతు తగ్గించాడు. "దొరగారే. వాళ్ల చేత్తోనే చల్లినారు. నోరు మూసుకోని తుడిచి పో అబ్బయ్యా."

పెట్రోలు, బ్రష్షు, సూది. నాలుగు గంటలకు మిషను కదిలింది. మిగిలింది సర్వీసు స్లిప్పు. అందులో 'చెడిపోవడానికి కారణం' అని ఒక గడి. అది నింపి, అధికారి సంతకం తీసుకుని మేనేజరుకు ఇవ్వాలి. కుంకుమ అని రాస్తే ఈయన సంతకం పెట్టడు. రాయకపోతే తప్పు నా నెత్తిన పడుతుంది.

"దుమ్మని రాయి. పోయేదేముంది?" అన్నాడు గుమాస్తా.

"నా ఉద్యోగం సార్."

'లోపల కుంకుమ, పసుపు' అని రాసి, పుస్తకంలోంచి స్లిప్పు చించి లోపలికి తీసుకెళ్లాను.

అధికారి రెండుసార్లు చదివాడు. "అయితే అమ్మవారు చెడగొట్టిందంటావు?"

"అమ్మవారు కాదండీ. కుంకుమ."

"బయట నిలబడు."

వరండాలో నిలబడ్డాను. అయిదింటికి ఆఖరి బస్సు. అది వచ్చి, ఎదురుగా ఆగి, హారన్ కొట్టాక పిలిచాడు. నా మాట ఎర్రసిరాతో కొట్టేసి, పైన 'దుమ్ము. సరిగా శుభ్రం చేయనందువల్ల' అని రాసి సంతకం పెట్టాడు. బస్సు కదులుతోంది. స్లిప్పు పట్టుకుని పరిగెత్తాను. ఆ పరుగు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సీట్లో కూర్చున్నాక స్లిప్పుల పుస్తకం తెరిచాను. కార్బన్ నకలులో నా మాట నీలంగా, చెక్కుచెదరకుండా ఉంది.

మర్నాడు రెండూ మేనేజరు ముందు పెట్టాను. ఆయన వాటిని పక్కపక్కన పెట్టి చూశాడు.

"నకలు మీద ఆయన సంతకం లేదే?"

"చించినాక పెట్టినారు సార్."

"సంతకం ఉండేదే నాకు లెక్క. అయినా ఇప్పుడు పొమ్మననులే, పర్మనెంటు సంగతి ఇంకో సంవత్సరం చూద్దాం. ఆ మిషను మీద మళ్లీ మాట రాకూడదు."

మరుసటి ఏడు ఆయుధపూజ ముందురోజు, ఆఫీసు మూసేవేళకు, ఎవరూ పిలవకుండానే అక్కడికి వెళ్లాను. మిషను మూత ఎత్తి, గాళ్ల మీద పాత చొక్కా గుడ్డ పరిచి వచ్చాను. పండగ అయ్యాక ఆఫీసు తెరవకముందే గుమ్మంలో కాచుకున్నాను.

"మళ్లీ ఎందుకొచ్చినావయ్యా?" అన్నాడు గుమాస్తా.

"చెక్ చేయడానికి సార్."

గుడ్డ ఎర్రగా ఉంది. జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ ఏడు ఫిర్యాదు రాలేదు. గుడ్డ, కార్బన్ నకలు ఇప్పటికీ నా దగ్గర ఒకే కవరులో ఉన్నాయి. ఆ రోజు కూడా నన్ను ఎవరూ కూర్చోమనలేదు.