సావిడిలో గడ్డిదూడ

ఈ మధ్య గోదావరి గట్టు మీద కొత్తగా కట్టిన హోటల్‌కి మావాళ్ళు నన్ను భోజనానికి తీసుకెళ్ళారు. తాటాకు కప్పు, మట్టి పూసిన గోడలు, మూలన ఒక బండి చక్రం, గుమ్మం పక్కన కుడితి గోలెం, అందులో తామర పువ్వులు. పాతకాలపు పశువుల సావిడి నమూనాలో కట్టామని అక్కడి మేనేజరు గొప్పగా చెప్పాడు. నేను ఆ గోలెం వంక చూశాక అన్నం సగంలో లేచిపోయాను. కుడితి గోలెంలో ఏముంటుందో ఎరిగినదాన్ని నేను. బియ్యం కడుగు, నిన్నటి అన్నం, కూరగాయల తొక్కలు, పైన పులిసిన నురగ, ఆ నురగలో పురుగులు. పాత సావిళ్ళ గురించి ఎవరైనా ముచ్చటగా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళెవరూ అందులో పేడ ఎత్తి ఉండరు.

నేను పుట్టి పెరిగింది రాజమండ్రిలో. మా ఇంట్లో పాలు ప్యాకెట్లో వచ్చేవి, కత్తెరతో మూల కత్తిరించుకోవడమే మాకు తెలిసిన పాడి. తొంభైల్లో నన్ను రామచంద్రపురం దగ్గర ఒక పల్లెటూళ్ళో ఇచ్చారు. కొద్దిపాటి పొలం, మూడు గేదెలు, పెరట్లో సావిడి. ఇంట్లో అత్తగారు, మావగారు, మా ఆయన, నేను. సావిడి ఆ ఇంటికన్నా పాతది. తాటిదూలాలు పొగకి నల్లబడి జిడ్డు కారుతుండేవి. ఒక సగంలో గేదెలు, రెండో సగంలో గడ్డి, ధాన్యం బస్తాలు, ఎవరికీ అక్కర్లేని పాత నాగలి. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ మావగారు ఆ దూలాలు చూపించి, తాతలనాటివండి, చెక్కు చెదరలేదు అని చెప్పుకునేవారు. చెదరనిది దూలాలే. గోడకి ఎలుకలు తవ్విన కన్నాల్లో నా చెయ్యి పట్టేది.

వానాకాలం అంటే నాకు ఇప్పటికీ ఆ వాసనే గుర్తొస్తుంది. ఊడ్పుల రోజుల్లో మగవాళ్ళు చేలల్లో ఉంటే సావిడి పని ఆడవాళ్ళ మీద పడేది. కప్పు కారి నేలంతా పేడ, ఉచ్చ, గడ్డి, వాననీళ్ళు కలిసి చీలమండల దాకా దిగబడేది. గేదె తోక విదిలిస్తే ఆ బురద ముఖాన పడేది, నోరు తెరిచి ఉంటే నోట్లోనూ పడేది. పొద్దున అది ఎత్తిన చేత్తో మధ్యాహ్నం అన్నం కలుపుకోవాలి. ఎన్నిసార్లు సబ్బు రాసినా గోళ్ళల్లోంచి పోదు. మొదటి ఏడాది నేను చెంచాతో తింటుంటే అత్తగారు చుట్టుపక్కల ఆడవాళ్ళతో చెప్పుకుని నవ్వుకున్నారు.

ఆవిడ చెడ్డమనిషి కాదు. అది ముందే చెప్పాలి. నాకు జ్వరమొస్తే పక్కన కూచుని కాళ్ళు పట్టారు. గేదెలంటే ప్రాణం. వాటి పేర్లు పెట్టి, బుజ్జగించి, నాతో ఎప్పుడూ మాట్లాడనంత మెత్తగా మాట్లాడేవారు. ఆవిడ కోరికలు రెండే. ఇంట్లో పుడితే మగపిల్లాడు పుట్టాలి, సావిడిలో పుడితే ఆడది, పెయ్యదూడ పుట్టాలి. ఆ ఏడాది రెండూ తిరగబడ్డాయి.

శ్రావణంలో పుట్టింట్లో నాకు ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికి వచ్చిన అత్తగారు పిల్లని ఎత్తుకుని, పోనీలే, ఒళ్ళు గట్టిగా ఉంది అన్నారు. ఆస్పత్రిలో నర్సు చాలా గడుసుది. మొదటి రెండు రోజుల పాలు పిండి పారబొయ్యాలని మా అమ్మ అంటే ఆవిడ మీద ఇంతెత్తు లేచింది. ముర్రుపాలు పిల్లకి మందులాంటివి, అవి పట్టకపోతే పిల్ల నిలవదని నాకు ఒకటికి పదిసార్లు చెప్పింది. నేను బుద్ధిగా తలూపి పట్టాను.

ఐదో నెలలో పాపని తీసుకుని అత్తారింటికి వచ్చాను. సార్వా వరి కోతలు అయిపోయాయి, కొత్తగడ్డి సావిడి నిండా పడి ఉంది. దుమ్ము, నుసి, ఒళ్ళంతా దురద. వచ్చిన మూడో రోజున పెద్దగేదె ఈనింది. దున్నదూడ. అత్తగారు తోక ఎత్తి చూసి, తోక వదిలేసి, చెయ్యి చీరకి తుడుచుకున్నారు. పాపని చూసినప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉందో అప్పుడూ అలాగే ఉంది.

సాయంత్రానికి ఊళ్ళో సగం ఇళ్ళకి జున్నుపాలు వెళ్ళాయి. గేదె ఈనితే నలుగురికీ పంచడం ఆనవాయితీ, పంచకపోతే దిష్టి. మాకోసం బెల్లం, మిరియాలు వేసి జున్ను వండారు. బాలింతరాలిని కదా అని ముందు నాకే పెట్టారు. రుచిగా ఉంది. ఇంకొంచెం అడిగి వేయించుకున్నాను. రెండోసారి గిన్నె ఖాళీ అవుతుండగా సావిడిలో దూడ సన్నగా అరిచింది. నర్సు చెప్పిన ముర్రుపాలూ, నా నోట్లో ఉన్న ఈ జున్నూ ఒకటేనన్న సంగతి అప్పుడు వెలిగింది. చదువుకున్నదాన్ని, ఆ మాత్రం ముందే తట్టలేదు. మిగిలిన ముక్క నోట్లో అటూ ఇటూ తిప్పాను. చివరికి మింగాను.

బాలింతరాలికి బరువు పనులు వద్దని దూడ పలుపు పట్టుకునే పని నాకు అప్పగించారు. పాలు తీసే ముందు దూడని తల్లి దగ్గరికి వదలాలి. అది పొదుగుని నాలుగు కుమ్ములు కుమ్మి రెండు గుక్కలు తాగేసరికి గేదె చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు దిగుతాయి. దిగగానే దూడని లాగేసి గుంజకి కట్టెయ్యాలి. లాగాల్సింది నేను. అది నోటి నిండా నురగతో నా వైపు చూసేది. ఇంట్లోకి వెళ్ళి నేను నా పిల్లకి పాలిచ్చేదాన్ని. రోజుకి రెండు పూటలు ఇదే పని.

పది రోజులకి దూడ ఎముకలు లెక్కపెట్టేలా తయారైంది. ఒంటి నిండా రక్తం తాగే గోమార్లు. ఒకటి పీకితే నా వేళ్ళ మధ్య పగిలి నల్లటి రక్తం కారింది. ఈ దూడని ఎలాగైనా బతికించాలని నాకు పట్టుదల వచ్చేసింది. జాలి ఒక్కటే కాదు. ఇది చచ్చిపోతే ఈ ఇంట్లో అక్కర్లేకుండా పుట్టిన ప్రాణానికి విలువ లేదని తేలిపోతుంది, నా పిల్ల కూడా ఈ ఇంట్లోనే పెరగాలి. అలా అనుకున్నాను. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"అత్తయ్యగారండీ, దానికి ఒక్క చన్ను వదిలేద్దామండి. నిలబడలేకపోతోంది."

"పెయ్యయితే రెండు వదిలేదాన్నమ్మా," అన్నారావిడ, చెంబు కింద పెట్టకుండానే. "దున్నదూడ. ట్రాక్టరొచ్చాక దాంతో మనకేం పని చెప్పు?"

అది నిజమే. వెనకటికి చేలు దమ్ము చెయ్యడానికి దున్నపోతులు కావాలి, అప్పట్లో వాటిని కూడా మేపేవారట. ఇప్పుడు ఊరికి నాలుగు ట్రాక్టర్లు. పాలేమో పాలకేంద్రానికి వెళ్ళాలి. మా ఆయన్ని అడిగితే, అమ్మకి తెలియనిదా, నువ్వు తలదూర్చకు అన్నారు.

మర్నాడు పలుపు చేతిలోంచి జారిపోయినట్టు నటించాను. దూడ కడుపు నిండా తాగింది. చెంబులో పాలు తగ్గడం అత్తగారు చూశారు, నా చేతుల వంక చూశారు. ఆ సాయంత్రం నుంచి పలుపు ఆవిడే పట్టుకున్నారు. నేను ఊరుకోలేదు. ఎవరూ లేనప్పుడు వెదురు గొట్టంతో గంజి పట్టాను. ఉప్పు కూడా వేశాను, తెలివైనదాన్ని కాబట్టి. పాలు తప్ప ఏమీ ఎరగని పేగుల్లోకి గంజి పోస్తే ఏమవుతుందో ఆలోచించలేదు. దూడ పారుకోవడం మొదలుపెట్టింది. తెల్లగా, నీళ్ళలా, భరించలేని కంపు. వెనక కాళ్ళ నిండా అదే అంటుకుని ఎండిపోయి, దాని మీద ఈగలు నల్లగా పేరుకుపోయేవి. మాఘమాసంలో ఒక పొద్దున అది కొత్తగడ్డి మీద కాళ్ళు చాచేసి ఉంది. ఆకలికి పోయిందో నా గంజికి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

పాతిపెడతారనుకున్నాను. మావగారు కబురంపితే తోలు తీసే ఆయన పక్క పేట నించి వచ్చాడు. ఆయన్ని వీధి వాకిట్లోంచి రానివ్వలేదు, దొడ్డిదారిన రమ్మన్నారు. దాహమంటే మంచినీళ్ళు ఎత్తి దోసిట్లో పోశారు. ఆయన ఒలిచిన తోలు మాత్రం అత్తగారు చేతులారా అందుకుని లోపలికి తీసుకెళ్ళారు. ఆ ఇంట్లో ఏది మైలో ఏది కాదో నాకు చివరిదాకా అర్థం కాలేదు. తోలుకి ఉప్పూ పసుపూ రాసి, లోపల గడ్డి కూరి, గోనెసంచులు కుట్టే సూదితో పొట్ట కుట్టారు. కాళ్ళకి నాలుగు వెదురు పుల్లలు. కళ్ళుండే చోట రెండు కన్నాలు, వాటిలోంచి గడ్డి పోచలు.

అది తయారయ్యే రెండు రోజులూ గేదె చేపలేదు. దూడ కోసం అరుస్తూనే ఉంది. అది అరిచినప్పుడల్లా నా జాకెట్టు తడిసిపోయేది. నా పిల్ల ఏడుపుకి రావలసిన పాలు గేదె అరుపుకి వచ్చేవి. సిగ్గుపడి పైటకొంగు రెండు మడతలు వేసుకుని తిరిగాను. నా ఒంటి మీద నాకే రోత పుట్టింది.

మూడో రోజు పొద్దున అత్తగారు ఆ గడ్డిదూడని తెచ్చి గేదె ముందు నిలబెట్టి, నన్ను పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. గేదె వాసన చూసింది. ఒకసారి కన్నాల దగ్గర, ఒకసారి కుట్టు దగ్గర. తరవాత నాలిక చాపి నాకడం మొదలుపెట్టింది, మెడ నించి తోక దాకా, ప్రేమగా. చెంబులో పాలు పడుతున్న చప్పుడు వినిపించింది. అత్తగారు తృప్తిగా తలెత్తి, చూశావా, పిచ్చిముండ అన్నారు గేదెని. ఆ పూట ఆ పాలతోనే కాఫీ పెట్టారు. నేను తాగనన్నాను. నాలుగు రోజులు మానేశాను. ఐదో రోజు తలనొప్పికి ఆగలేక తాగేశాను.

ఎండాకాలం వచ్చింది. కాలువలకి నీళ్ళు కట్టేశారు, చెరువు అడుగున పచ్చటి గుజ్జు మిగిలింది, గేదెలు అందులోనే పొర్లి వచ్చేవి. గడ్డిదూడని వాడనప్పుడు సావిడి దూలానికి వేలాడదీసేవారు. ఎండకి తోలు బిగుసుకుపోయి కుట్లు తెగాయి, చెవుల దగ్గర పురుగు పట్టింది. గేదె అప్పటికీ నాకుతూనే ఉంది. వాసన తగ్గిపోతే గేదె పోల్చుకోదని అత్తగారు దాని మీద తవుడూ ఉప్పూ చల్లేవారు. కప్పు నేయించినప్పుడు పాత తాటాకులతో పాటు అదీ పెంటమీదకి పోయింది, అప్పటికి గేదె ఎలాగూ వట్టిపోయింది. పాప అప్పుడే పాకడం నేర్చి ఎటుపడితే అటు పోతోంది. దాన్ని పెంటవైపు వెళ్ళకుండా చూడ్డమే నాకు పెద్ద పనయ్యింది.

మరుసటి ఏడాది ఊడ్పులప్పుడు ఆ గేదే మళ్ళీ ఈనింది. అత్తగారు మండపేటలో చెల్లెలుగారింటికి వెళ్ళారు, మగవాళ్ళు చేలో ఉన్నారు. నేనొక్కదాన్నే ఉన్నాను. పురుడు నేనే పోశాను, మాయ పడేదాకా నిలబడ్డాను, మోచేతుల దాకా జిగటయినా ముక్కు మూసుకోలేదు. దూడ లేవడానికి అవస్థ పడుతుంటే దగ్గరికి వెళ్ళి తోక ఎత్తి చూశాను. దున్నదూడే. చూసి, దాన్ని దూరంగా గుంజకి కట్టి, ఇంట్లోకి వెళ్ళి పెద్ద గిన్నె తెచ్చుకున్నాను. అప్పుడే ఈనిన గేదె, దూడ తాగకుండానే చేపింది. నాకు ఎవరూ చెప్పలేదు. అందరూ పొలం నించి ఆకలి మీద వస్తారు, నలుగురికీ పంచాలి, పాప కూడా ఇప్పుడు తింటుంది. ఇవే నా తలలో ఉన్నాయి. దూడ సంగతి కట్టేసేంతవరకే ఉంది. ఆ దూడా దక్కలేదు.

అత్తగారు సాయంత్రం బస్సు దిగి, కాళ్ళైనా కడుక్కోకుండా సావిడిలోకి వెళ్ళి వచ్చారు. గుంజకి కట్టిన దూడనీ, పొయ్యి మీద గిన్నెనీ చూశారు. దూడ ఏమైనా తాగిందా అని అడిగారు. లేదండి అన్నాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఇప్పటికి రైతింటి కోడలివయ్యావమ్మా," అన్నారు.

పెళ్ళయ్యాక ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నాకు చాలా సంతోషం వేసింది.